ఎర్ర నూలు ముడి

తొంభైల్లో కాశిబుగ్గలో మా అన్న మగ్గం మానేసి రేడియోలు బాగుచేసేవాడు. కాలేజీ వాళ్లు పారేసిన కంప్యూటర్ల కరెంటు పెట్టెలు తెచ్చి, వాటికి కొత్త తీగలు అతికించి రేడియోలకు పనికొచ్చేలా చేసేవాడు. తీగలన్నీ నల్లవే. అందుకని ప్లస్‌కు ఎర్ర నూలు, మైనస్‌కు తెల్ల నూలు ముడివేసేవాడు.

"జర దారం చూసి పెట్టుర్రి," అనేవాడు అందరితో.

ఒకరోజు అన్న చాయ్‌కి పోతే, సాయం చేద్దామని ఆ ముళ్లు నేనే వేశాను, తారుమారుగా. ఆ పెట్టె కొనుక్కుపోయిన ములుగు రైతు టేప్‌రికార్డర్ కాలిపోయింది. అతను పెట్టె వెనక్కి తెచ్చి మండిపడుతుంటే నేను మగ్గం మీంచి తలెత్తలేదు.

"నేనే కట్టిన. తప్పు నాదే," అని అన్న తన రేడియో ఇచ్చి పంపాడు.

నేతపని చేసేవాళ్లకు ఎవరి ముడి ఎవరిదో చూస్తేనే తెలుస్తుంది. అన్న ఆ ముడిని గోటితో విప్పి, నూలు పోగు నా ఒళ్లో పెట్టాడు.

ఆ తర్వాత చాయ్‌కి పోయినా ఆ ఎర్ర, తెల్ల నూలు జేబులో పెట్టుకునే పోయేవాడు.