మామిడిపల్లి బావి మీద రాసిన ఒక్క వాక్యం

మీ ఇంటి స్లాబులో పోసిన కంకర ఏ గుట్టను పేల్చితే వచ్చిందో మీరు ఒక్కసారైనా అడిగారా? అడగలేదు. ఆ పేలుడు మందు ఎవరి తాగునీటిలో కలిసిందో అసలే అడగలేదు. అడిగిన ఒక్క మనిషి, డిగ్రీలో నాకు కెమిస్ట్రీ చెప్పిన సారు, మొన్న మంగళవారం రాజేంద్రనగర్‌లో తన కిరాయి ఇంట్లో పోయారు. పోయేనాటికీ ఆయనకు జవాబు రాలేదు. ఇక వస్తుందన్న నమ్మకం నాకూ లేదు.

సారు కోస్తా మనిషి. పాతికేళ్లు మా మధ్య ఉన్నా ఆ యాస వదల్లేదు. నీళ్లు తాగే ముందు గ్లాసును వెలుతురుకెత్తి చూసేవారు. "ఏంది సార్, పురుగులున్నయా?" అని మేం నవ్వితే, "కనిపించేవాటితో భయం లేదు నాయనా" అనేవారు.

మామిడిపల్లి పక్క క్వారీలో రాయి పేల్చిన ప్రతిసారీ కొంత మందు పేలకుండా మిగులుతుందనీ, వాన పడితే అది పల్లంలో ఉన్న ఒక రైతక్క బావిలోకి దిగుతుందనీ ఊరి అనుమానం. ఫిర్యాదు చేస్తే గనుల ఆఫీసు రుజువు అడిగింది. సారు ఆ పని నెత్తిన వేసుకున్నారు. బిందెడు నీళ్లలో కంటికి ఆనని రవ్వంత మందు. దాన్ని ద్రావకంలోకి లాగి, ఆరబెట్టి, మిగిలిన చుక్కను గాజుపలక మీద పెట్టి, రంగు తేలుతుందేమో చూడాలి. తేలితే మందు ఉన్నట్టు. సీసాలు ఆయనే కడిగారు. వెలుతురు తగిలితే మందు విరిగిపోతుందని నల్ల కాగితం చుట్టారు. "పేల్చాక మొదటి వాన పడగానే నింపండమ్మా" అని అక్క చేతిలో పెట్టారు.

వాన పడ్డాక వెళ్లాం. అక్క సంబరంగా సీసాలు తెచ్చింది.

"గంత పెద్ద సారు సీసాలాయె. ఎవరెవరు ముట్టిన్రో అని బూడిద పెట్టి తోమి నింపిన. జర జూడుండ్రి, అద్దం లెక్కున్నయి!"

సారు ముఖం పాలిపోయింది. అయినా "చాలా శ్రద్ధగా చేశారమ్మా" అన్నారు. బయటికొచ్చాక నాతో అన్నారు: "బూడిదలో క్షారం ఉంటుంది, ఆ మందును విరగ్గొట్టేస్తుంది. తప్పు ఆవిడది కాదు. ఎందుకు తోమకూడదో నేను చెప్పలేదు."

పలక మీద రంగు తేలలేదు.

"ఉన్నదని రాయుండ్రి సార్, ఎవడు చూస్తడు?" అని అరిచాను.

"అప్పుడది నా మాట అవుతుంది, నీళ్ల మాట కాదు. లేదనడం వేరు, దొరకలేదనడం వేరు."

'మందు దొరకలేదు, సీసాను బూడిదతో తోమినందున ఈ నమూనా పరీక్షకు పనికిరాదు' అని రాశారు. ఆఫీసువాళ్లు రెండో సగం కొట్టేశారు. ఫైల్లో అది 'మందు లేదు' అయి కూర్చుంది. మళ్లీ సీసాలు నింపుదామని వెళ్లేసరికి క్వారీవాళ్లు బావిని రాతిపొడితో పూడ్చేశారు. "ఇగ సీసా దేంట్ల ముంచాలె సార్?" అని అక్క అడిగింది.

ఆ వాక్యం దిద్దమని ఆయన చివరిదాకా ఆ ఆఫీసు చుట్టూ తిరిగారు. ఆయాసంతో మెట్లెక్కలేనప్పుడు కింద బెంచీ మీద కూర్చుని చీటీ పంపేవారు. "గా బావే లేదాయె పెద్దసారూ, ఇంకేం పరేషాన్?" అనేవాడు బంట్రోతు. "బావి లేదు బాబూ, అబద్ధం ఉంది" అనేవారు.

అబద్ధం రాయమని నేనూ అడిగాను. వాళ్లు రాసేశారు. తేడా ఎవరి పక్షాన అన్నదొక్కటే. ఈ మాట ఆయన బతికుండగా ఒప్పుకోలేకపోయాను.

దండలు, సంతాప సభలు వద్దు. ఇవి కావాలి:

ఫైల్లో ఆయన రాసిన వాక్యాన్ని పూర్తిగా తిరిగి చేర్చాలి.

క్వారీ చుట్టూ మిగిలిన బావుల నీళ్లు పరీక్షించాలి. సీసా నింపేవాళ్లకు ఏం చేయకూడదో, ఎందుకు చేయకూడదో ముందే చెప్పాలి.

ఫలితం తేలేదాకా పేల్చడం ఆపాలి.

అక్క ఇంటికి రోజూ తాగే నీళ్లు పంపాలి.