సొన వాసన

ఎనభైల మొదట్లో సత్యవేడు బస్సులో, నా పక్కన కూర్చున్న ముసలామె ఒళ్లోని గుడ్డమూట విప్పి నా ముందు పెట్టింది. అందులో నల్లటి పొడి ఉంది.

“మా నాయన నాటిన మామిడిసెట్టు గాలికి పడిపోయినాది. దాన్ని కోసిన రంపంపొట్టును పేడతో కలిపి గుంతలో మూడేండ్లు మాగబెట్టినా. పోయినేడు తొందరపడి ఏస్తే మొలకలు పాలిపోయి సచ్చినాయి. సొన వాసన పోతేనే ఎరువైనట్టు. నాకింకా వస్తానే ఉండాది. నువ్వు సూడు నాయనా.”

చూసినాను. తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు.

“పోయిందమ్మా,” అన్నాను.

“అయితే ఈ ఏడు మా కూతురి తోటలో మొలకలు బతుకుతాయిలే,” అని మూట కట్టేసింది. దిగేలోపల రెండుసార్లు విప్పి ముక్కుకు దగ్గరగా పెట్టుకుంది.

నేను చెప్పింది నిజమే. అయినా, మీ నాయన చెట్టు వాసన ఇంకా కొంచెం ఉందమ్మా అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.