రెండు చివర్ల చీటీలు

మా హాల్లో స్టేజీ మీది దీపాలకు మొత్తం రెండు వందల యాభై నాలుగు తీగలు. ప్రతి తీగకూ రెండు చివర్లు, ప్రతి చివరకూ ఒక చీటీ. ఆ చీటీలన్నీ రాసేది అక్క. నా తోడబుట్టిన అక్క కాదు. హాల్లో అందరూ చాటుగా చీటీలమ్మ అనేవాళ్ళు, ఎదురుపడితే అక్కా అనేవాళ్ళు. నేను మాత్రం చాటుగా కూడా అక్కే అనేవాణ్ణి. అది నా మంచితనం అనుకునేరు, తెలిస్తే తాట తీస్తుందని భయం.

నా పని నిచ్చెన మీద. దీపాలు కట్టడం, విప్పడం, పాడైతే బాగుచేయడం. పదహారేళ్ళుగా ఇదే పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఉండదూ మరి? కింద ఎవడు నిచ్చెన కదిపినా పోయేది నా ప్రాణమే కదా.

కొత్త నాటకం వచ్చిన ప్రతిసారీ ఏ దీపం ఏ ఇనుప కడ్డీకి వేలాడాలి, దానికి కరెంటు ఏ సాకెట్టు నుంచి రావాలి, ఎప్పుడు వెలగాలో ఎటు తిరగాలో చెప్పే డేటా తీగ నంబరెంత, ఇవన్నీ అక్క కాగితాల మీద గళ్ళు గీసి రాసేది. కరెంటు తీగకు పసుపు టేపు, డేటా తీగకు తెల్ల టేపు. నాలుగు వేళ్ళ పొడవున కత్తిరించి, నల్ల సిరాతో అంకె వేసి, చేతి చెమటకు చెరిగిపోకుండా పైన ఇంకో టేపు చుట్టేది. ఆమె చీటీ ఉందంటే మేం టెస్టరు కూడా జేబులో పెట్టుకునేవాళ్ళం కాదు.

రాసినవాళ్ళే సరిచూడకూడదని మా పనిలో ఒక నియమం. ఇద్దరుండాలి. ఒకరు ఈ చివర చీటీ చదివి అంకె పిలవాలి. ఇంకొకరు ఆ చివర చీటీ చూసి, కాగితంతో పోల్చి, ‘ఉంది’ అనాలి. వినడానికి బాగానే ఉంది గానీ ఎవడికి తీరిక? కడ్డీలు పైకెత్తకముందే, పొద్దున్నే వచ్చి, ఆమే ఒక చివర పిలిచి, అంత దూరమూ నడిచి వెళ్ళి, రెండో చివర ఆమే ‘ఉంది’ అనుకునేది. పంతొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి.

ఆమె పని అయ్యాకే మా పని మొదలు. మేమొచ్చేసరికి ఆమె సామాను గదిలోకి వెళ్ళిపోయేది. నాటకం అయ్యాక మేమంతా ఒక జట్టుగా తిండికి పోయేవాళ్ళం. ఆమెను పిలవాలని ఒక్కడికీ తోచలేదు. నాకూ తోచలేదు, సిగ్గులేని వెధవని. హాలు వెనక వీధిలో ఒక్క గది ఆమె ఇల్లు. ఒక మంచం, ఒక కుర్చీ. వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు ఆదివారం ఫోన్ చేసి, తిన్నావా, ఒంట్లో బాగుందా అని అడిగి పెట్టేసేది.

మొన్నటి కొత్త నాటకానికి నాలుగో కడ్డీ మీద దీపం ఒకటి వెలగలేదు. చీటీ మీద ముప్పై ఎనిమిది అని ఉంది. కిందివాళ్ళతో ముప్పై ఎనిమిది ఆపించి మూత విప్పాను. అంతే, మోచేతి దాకా కొట్టింది. నడుముకు తాడు లేకపోతే ఈ కథ మీకు ఇంకెవరో చెప్పాల్సి వచ్చేది. అది ముప్పై మూడో తీగ.

దిగి సామాను గదిలోకి దూసుకెళ్ళాను. నోటికొచ్చినట్టు తిట్టాను. “కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా! మమ్మల్ని చంపుతావా?”

అక్క తలెత్తలేదు. “ఏ ఇంట్లోరా?” అంది.

నేను పక్కనున్న టేపుల పెట్టె మీద కూర్చున్నాను.

“చూపు కాస్త మందగించింది. అద్దాలు మార్పిస్తాలే. మేనేజరుకు మాత్రం చెప్పకు, నీకు పుణ్యముంటుంది. ఇక్కణ్ణుంచి పంపేస్తే చెల్లెలింటికే పోవాలి. అక్కడ నేను చుట్టాన్నిరా. రోజులు లెక్కపెట్టుకునే చుట్టాన్ని.”

సరేనన్నాను. కానీ ఒక షరతు పెట్టాను, తీగలన్నీ ఇద్దరం కలిసి సరిచూడాలని. ఆమె కొత్త అద్దాలతో వచ్చింది. వారం రోజులు, రోజూ పొద్దున్నే, నేను నిచ్చెన మీద, ఆమె కింద సాకెట్ల బోర్డు దగ్గర కాగితాలతో.

“నూట పదకొండు!”

“ఉంది!”

“నూట పన్నెండు!”

“ఉంది! గొంతు పెంచరా, పొద్దున తినలేదా?”

నేనామెను అంత హుషారుగా ఎన్నడూ చూడలేదు. నడుమ నడుమ నన్ను ఆటపట్టించేది. నీ నిచ్చెన నీకంటే ముందు ముసలిదవుతుందనేది. నీకెవడు పిల్లనిచ్చాడ్రా అనేది. నాలుగో రోజు నాకోసం అన్నం డబ్బా కూడా తెచ్చింది. ఇన్నేళ్ళూ ఈమెతో రెండు మాటలు మాట్లాడకుండా ఉండటానికి నాకేం పోయేకాలం వచ్చిందని నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక్క తప్పూ దొరకలేదు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

ఏడో రోజు ఇంకా పద్నాలుగు తీగలున్నాయనగా నాకూ చిలిపితనం పుట్టింది. నాలుగు చీవాట్లు తిందామని, అసలు లేని నంబరొకటి ఎత్తుకుని, “ఆరు వందల పన్నెండు!” అని అరిచాను.

“ఉంది!” అంది అక్క.

నిచ్చెన పట్టుకుని కిందికి చూశాను. కాగితం ఒళ్ళో ఉంది, ఆమె దాని వంక చూడటం లేదు. మొహం పైకెత్తి, నా గొంతు వచ్చిన దిక్కుకు తిప్పి నవ్వుతోంది. కొత్త అద్దాలు మెడలో వేలాడుతున్నాయి.

“ఏరా, ఆగావే? తరువాతది పిలువు.”

రేపటి నుంచి ఈ కడ్డీల మీదికి నేనొక్కణ్ణే కాదు, ఇంకా ముగ్గురు ఎక్కుతారు. ముగ్గురికీ పెళ్ళాం పిల్లలున్నారు. అయినా అప్పుడే దిగి వెళ్ళడానికి నాకు మనసు రాలేదు. మిగిలిన పద్నాలుగూ పిలిచాను. పద్నాలుగింటికీ ఆమె ‘ఉంది’ అంది. తరువాత దిగి, చేతులు కడుక్కుని, నేరుగా మేనేజరు గదికి వెళ్ళి చెప్పేశాను. ఆ సాయంత్రం టెస్టరుతో, ఇంకో మనిషి సాయంతో, తీగలన్నీ మళ్ళీ చూశాం. తొమ్మిది తప్పులు తేలాయి.

బుధవారం అక్క చెల్లెలి మొగుడు కారు తెచ్చాడు. సామానంతా వెనక సీట్లోనే సరిపోయింది. అక్క ముందు సీట్లో కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, ఏం చేయాలో తోచక తలుపు పట్టుకున్నాను.

“అక్కా, చెప్పింది నేనే,” అన్నాను.

“తెలుసురా,” అంది. “ఆఖరి పద్నాలుగూ నువ్వు నిదానంగా పిలిచావు.”