గేటు దగ్గర మిగిలిన చెప్పులు

రేసుల్లో గెలిచిన కంపెనీ కారు అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం కారు మీద కాదు. పాపం, అదేం చేసింది!

మా ఆయన శ్రీకాకుళంలో ఆఫీసు ఉద్యోగి. ఆ ఏడాది దసరాకి కారు కొన్నాడు. ఆ కంపెనీ చేసేవాటిలో అన్నిటికన్నా చిన్నది. కొన్న రోజు నుంచి ఇంట్లో ఒకటే పురాణం. ఆ కంపెనీ ఏ దేశంలో ఏ పోటీ గెలిచిందో, ఎలాంటి మలుపుల్లో ఎవరిని దాటిందో ఫోన్లో చూసి అప్పజెప్పేవాడు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు. పోనీ అంటే ఇక్కడ తాతలూ తనవాళ్ళు కారు. సొంత తాత కళింగపట్నంలో తెప్ప మీద చేపల వేటకెళ్ళిన మనిషి. ఆ సంగతి ఒక్కనాడూ ఆయన నోట రాలేదు. ఇంతా చేసి ఆయన బండి నడిపేది ఏడురోడ్ల జంక్షన్లో ఆటోల వెనక.

దసరా మర్నాడు సెలవు. కారు చూపించడానికి ఆఫీసువాళ్ళని భార్యలతో సహా పిలిచాడు. వాళ్ళకి మన గారెలు, పకోడీలు పెడితే నామోషీ. అయిదు నిమిషాల్లో అతిథులకు అంటూ ఏవో వీడియోలు చూపించి, ఉప్పు బిస్కెట్ల మీద చీజ్ ముక్క, దాని మీద ద్రాక్షపండు, మధ్యలో టూత్‌పిక్ గుచ్చమన్నాడు. పొద్దుటినుంచి అవే గుచ్చుతూ కూర్చున్నాను.

ఇంతలో మా నాన్న వచ్చాడు. కళింగపట్నం నుంచి బస్సులో, సంచిలో ఎండు నెత్తళ్ళ చేపలు పట్టుకుని. నాన్న అప్పటికీ వేటకెళ్తున్నాడు. ఆయన్ని చూడగానే మా ఆయన నన్ను వంటింట్లోకి లాక్కుపోయాడు.

"ఆళ్ళొచ్చీలోగా మావని పంపించీ. ఇల్లంతా నీసు కంపు."

నలుగురిలో పుస్తకంలా మాట్లాడే మనిషికి కోపం వస్తే మా యాసే వస్తుంది. అన్నం తినకుండా నాన్నని పంపేది లేదని చెప్పేశాను. నెత్తళ్ళ తలలు తుంచి, వేడినీళ్ళలో కడిగి, వెల్లుల్లి, కారం, కరివేపాకు వేసి నూనెలో వేయించాను. నిజంగా అయిదు నిమిషాల పని అంటే అదీ.

అప్పటికే వచ్చి హాల్లో కూర్చున్న ఆఫీసువాళ్ళ మాటలు ఆ వాసనకి ఆగిపోయాయి. చీజ్ బిస్కెట్లు అలాగే ఉన్నాయి. ఒకావిడ వంటింటి గుమ్మం దాకా వచ్చి "ఏటండీ అది?" అని అడిగింది. పెట్టక తప్పలేదు. పళ్ళెం ఖాళీ అయింది, మళ్ళీ వేయించాను, అదీ ఖాళీ. ఎక్కడివని అడిగితే మా ఆయన "పెద్ద షాపులో కొన్నామండీ" అన్నాడు. వంటింట్లో పీట మీద అన్నం తింటున్న నాన్నని చూసి ఆ పెద్దాయనెవరని ఇంకొకాయన అడిగాడు.

"మా ఊరి మనిషి" అన్నాడు మా ఆయన.

నాన్న తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని, ఇక వెళ్తానని లేచాడు. బస్సు దగ్గర దించుతానని మా ఆయన ఎక్కడలేని ఉత్సాహంగా తాళాలు తీశాడు.

కారు వెళ్ళాక గేటు దగ్గర చూశాను. నాన్న చెప్పులు, పక్కపక్కనే, ముచ్చటగా విడిచి ఉన్నాయి. మావాళ్ళెవరూ చెప్పులతో పడవ ఎక్కరు. అన్నం పెట్టేదాని మీద చెప్పుకాలు మోపకూడదంటారు. అల్లుడి కొత్త కారుకి కూడా నాన్న ఆ మర్యాదే చేశాడు.

మా ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. మా నాన్న వట్టికాళ్ళతో దిగడం చూడలేదా అని అడిగాను.

"సూసేను. అప్పటికే బస్సు కాంప్లెక్స్ కాడికి ఎల్లిపోయేం. మల్లీ ఆయన్ని ఎక్కించుకుని ఈళ్ళందరి ముందుకీ ఏటొస్తాను? కొత్తయి కొనిద్దాంలే."

హాల్లోకి వెళ్ళి అందరూ వినేలా చెప్పాను. "ఆయన ఊరి మనిషి కాదండీ, మా నాన్న. మీరు తిన్న నెత్తళ్ళు ఆయన తెచ్చినవే." తర్వాత మా ఆయన వైపు తిరిగాను. "అన్ని రేసులు గెలిసిన కారు, సెప్పుల కోసం ఎనక్కి రాలేకపోనాదా?"

చెప్పులు సంచిలో వేసుకుని కళింగపట్నం బస్సెక్కాను. దారి పొడుగునా సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాను.

నాన్న అరుగు మీద వల బాగు చేసుకుంటున్నాడు.

"ఏటమ్మా, సుట్టాలని ఒగ్గీసి వచ్చీసినావు?"

"నువ్వెవరని సెప్పేడో నువ్వినలేదా నాన్నా?"

"ఇన్నాను." వల మీంచి చూపు తిప్పలేదు. "ఊరోడినే గదేటి."

వల ముడి బిగించి, నెమ్మదిగా అడిగాడు. "కొత్త బండి. కాళ్ళకి మట్టుండిపోనాది. లోపట మరకలు గానీ పడ్డాయేటో సూసేవా?"

"పడే ఉంటాయి నాన్నా," అన్నాను. "నాను మాత్రం తుడవను."