నార్సింగి ద్రాక్షతోట, రెండు సంతకాలు

మొన్న నార్సింగిలో మా అమ్మాయి అపార్ట్‌మెంటులో కాఫీ కోసం కూర్చుని ఉండగా, మా అల్లుడు ఒక కంట పాలు పొంగకుండా చూస్తూనే ఫోను మీద బొటనవేలు ఆనించి ఏవో షేర్లు అమ్మేశాడు. అంతేనా అని అడిగితే అంతే మామయ్యగారూ అన్నాడు. ఆ క్షణం నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. ఆ మాటకొస్తే కుదురనేది నాకు ఏనాడూ లేదు. కానీ షేరు అమ్మడమంటే మన రోజుల్లో ఎంత తతంగమో నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు.

డెబ్బైలలో వాల్తేరులో ఎం.కాం. పూర్తిచేసి, నలుగురి డబ్బూ షేర్లలో పెట్టి కనిపెట్టుకుని ఉండే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆఫీసు ఆబిడ్సులో. ఉద్యోగం పేరు పెట్టుబడుల మేనేజరు, చేసే పని మాత్రం బొంబాయికి ట్రంకు కాల్ బుక్ చేసి, అది కలిసేదాకా కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరగడం. తీరా ధర తెలిసేసరికి అది కాస్తా మారిపోయి ఉండేది. అసలు వ్యవహారమంతా బొంబాయిలో జరుగుతుంటే నేనిక్కడ పడి ఉన్నానే అన్న ఆరాటం తప్ప మరో ధ్యాస ఉండేది కాదు.

నేను కిరాయికున్న ఇంటావిడ అన్నగారికి నార్సింగిలో ద్రాక్షతోట ఉండేది. బావి ఎండిపోయి తీగలు వాడుతున్నాయి, బోరు వేయించాలి, ఎప్పుడో కొన్న మిల్లు షేర్లు అమ్మిపెట్టమని ఆయన మా కంపెనీకి వచ్చారు. ఆయన సంతకాలు చేసి ఇచ్చిన కాగితాలు బొంబాయి పంపితే సంతకం కలవలేదని వెనక్కి వచ్చాయి. జరిగిందేమిటంటే, షేర్లు కొన్ననాడు ఆయన తన చిన్ననాటి ఉర్దూ బడిచదువు ప్రకారం ఆ లిపిలోనే సంతకం చేశారు. ఈమధ్య బడికెళ్ళే కూతురు దగ్గర కూర్చోబెట్టి తెలుగులో రాయడం నేర్పితే, మహా ముచ్చటపడి, అమ్మకం కాగితాల మీద ఆ కొత్త సంతకమే పెట్టారు.

బోరు బండి వాళ్ళు మరో ఊరికి కదిలిపోయేలా ఉన్నారని తెలిసి కాగితాలు పట్టుకుని నేనే బయలుదేరాను. ఇప్పుడు అద్దాల మేడలున్న ఆ దారంతా అప్పుడు బండరాళ్ళు, సీతాఫలం పొదలు. తోటలో పందిరి మీద ఆకులు అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి. పాత సంతకమే కావాలండి అంటే పెద్దాయన మొహం మాడ్చుకున్నారు.

“నా బిడ్డ నేర్పిన సంతకం నాది గాదా? గిదేం లెక్క సారూ?”

తోట ఎండినా సరే, వెనకటి సంతకం పెట్టనని భీష్మించారు. నాకు లోపల ఉడికిపోతోంది. చివరికి ఆ పిల్లే వచ్చి పక్కన కూర్చుంది.

“గది గూడ నీ పేరే గద నాయినా. ఆళ్ళు గుర్తువట్టేటట్టు రాయి. ఇంటికాడ మనం తెలుగులనే రాసుకుందాం.”

ఆయన కాసేపు తోటవైపు చూసి, కుడినుంచి ఎడమకు చకచకా రాసిచ్చారు.

ఈసారి అమ్మకం కుదిరింది, బోరు బండి కూడా దక్కింది. బోరు వేసే రోజున ఆయన నన్ను దగ్గరుండి చూడమని పిలిపించారు. మధ్యాహ్నమైనా తెల్లటి రాతిపొడి తప్ప చుక్క నీరు రాలేదు. సాయంత్రం నాకు బొంబాయి కాల్ బుక్ అయి ఉంది, మాటిమాటికీ గడియారం చూస్తుంటే ఆయన నవ్వారు.

“జర కూసో సారూ. ఏందంత పరేషాన్? వస్తయిగ నీళ్ళు.”

నేను ఉండలేదు. బస్సు దొరకదేమోనని పరిగెత్తాను. నీళ్ళు ఎగజిమ్మాయనీ, ఆ పిల్ల తడిసి ముద్దయినా ఇంట్లోకి రాలేదనీ మర్నాడు ఇంటావిడ చెప్పింది. కొన్నాళ్ళకు నేను కోరుకున్నట్టే బొంబాయి వెళ్ళాను, అక్కడా ఇలాగే పరిగెత్తాను.

ఇప్పుడు ఆ తోట ఏ అపార్ట్‌మెంటు కింద ఉందో చెప్పేవాళ్ళు లేరు. నార్సింగిలో నీళ్ళు ట్యాంకరులో వస్తున్నాయి. సంతకం కలవలేదని ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్ళనక్కర్లేదు. మంచిదే. కానీ ఆ నీళ్ళు పైకి రావడం చూడలేదే అన్న బాధ ఈ వయసులో నన్ను నిలవనివ్వడం లేదు. అంత పరుగున వెళ్ళి అందుకున్న ఆ ఫోనులో ఏం ధర చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు.