బరువు దిగిన చోటల్లా బసవేశ్వరరావు

ఎక్కడైనా బరువు దిగిందంటే చాలు, బసవేశ్వరరావు గారు కొలబద్ద పట్టుకుని అక్కడ ప్రత్యక్షమయ్యేవారు. ఎవరి బరువు, ఎందుకు దిగింది అన్నది ఆయనకి అనవసరం. దాని కింద ఉన్నది ఎంత పైకి లేచిందో తెలియాలి, అంతే. తెనాలిలో ఆయన ఇంటికొచ్చిన చుట్టాలు కుర్చీలోంచి లేవాలంటే జంకేవారు. లేచారంటే ఆయన వంగి, దిండు పూర్తిగా పొంగేదాకా చూసి, ఆ తర్వాతే వాళ్లు వెళ్లొస్తామన్న మాట వినిపించుకునేవారు.

రేపల్లె నుంచి పొద్దుటి పాసింజర్లో తెనాలికి చేపలు తెచ్చి అమ్మే నాగలక్ష్మికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఆయన గుమ్మంలో గంప దించడమే ఆలస్యం, "అమ్మాయ్, అలాగే గోడకానుకుని నిలబడు" అనేవారు. గంప దిగాక మనిషి ఎంత పొడుగు పెరిగిందో గోడ మీద పెన్సిలు గీత పెట్టాలిట. పెద్దాయన మాట కాదనలేక ఆమె నిలబడేది. ఈలోగా గంపలోని కానాగంత చేపల మీద పిల్లి కన్నేసేది. ఆయన భార్య అనసూయ గారు బయటికొచ్చి, ముందు చేపల సంగతి చూడమని మొగుణ్ణి కసిరేవారు.

ఒకసారి పెళ్లికని బాపట్ల వెళ్లి, బస్సులోంచి జనమంతా దిగాక మెట్టు ఎంత లేచిందో చూస్తానని రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చున్నారు. పాపం ఏదో పడేసుకున్నారనుకుని కండక్టరు వెతికాడు, ఆటోవాళ్లు వెతికారు. అసలు సంగతి తెలిశాక ఒక్కరూ ఆయన మొహం చూడలేదు. పెళ్లి ముహూర్తం కాస్తా దాటిపోయింది. అనసూయ గారు ఆ పూట ఆయన పక్కన కూర్చుని భోంచెయ్యలేదు.

ఆయన్ని అలా తయారు చేసింది ఉద్యోగం. ఉత్తర ధ్రువం దగ్గర ఒక మంచుదీవిలో, కరిగిపోతున్న హిమనదాల పక్కన బండరాతికి బిగించిన యంత్రాన్ని ఆయన చాలా వేసవులు కనిపెట్టుకుని ఉన్నారు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల లెక్కతో ఆ యంత్రం నేల ఎంత లేచిందో చెప్పేది. మీదున్న మంచు బరువు తగ్గేకొద్దీ నేల ఏడాదికి గోరు వెడల్పున పైకి వచ్చేది. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో సరదా ఉండేది కాదు. నేల లేచిందని సంతోషించడానికి లేదనీ, అక్కడ కరిగిన నీళ్లన్నీ చివరికి మన సముద్రంలోకే వస్తాయనీ అనేవారు. మా సముద్రానికి నీళ్లు కొత్తా బాబాయ్ గారూ, అని నాగలక్ష్మి నవ్వేసేది.

ఆ సముద్రమే ఆమె భర్త గంగాధర్‌ని తీసుకుపోయింది. గాలివానకి పడవ తిరగబడింది. శవం దొరికింది, అదే పదివేలనుకున్నారు. నాగలక్ష్మి మూల కూర్చుంది. సంవత్సరీకం కూడా అయిపోయాక, ఇక గంప ఎత్తుకోవచ్చని కులపెద్దలే వచ్చి చెప్పారు. అయినా ఆమె గడప దాటలేదు. దాటితే మనిషిని మరిచిపోయినట్టేనని ఆమె భయం. అత్త గంగరత్నం అంతకంటే మొండిది. కొడుకు వలలు కుప్పేసిన మూలే చాప పరుచుకుని, గోడ వైపు తిరిగి పడుకునేది. ఇంట్లో ఎసరు పెట్టడం కూడా భారమైపోయింది.

ఆ వలలు పాడైపోకముందే కులపెద్దలు తోటి పడవవాళ్లకి ఇప్పించేశారని ఎవరో చెబితే, ఒక ఆదివారం బసవేశ్వరరావు గారు రేపల్లెలో వచ్చి వాలారు. తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం ఆయన మెడలో దండలా వేలాడుతోంది. లోపలి నీళ్లు కనపడే ప్లాస్టిక్ గొట్టం అది. రెండు కొసలూ ఎత్తి పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి, ఏది ఎత్తో ఏది పల్లమో తేలిపోతుంది. వలల కుప్ప తీశారు కదా, కింద నేల ఎంత లేస్తుందో చూడాలన్నారు. పరామర్శకొచ్చినవాళ్లెవరూ అనకూడని మాట అది. నాగలక్ష్మికి ఒళ్లు మండింది. కానీ అంత దూరం నుంచి వచ్చిన పెద్దాయన, రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలంటున్నారు. పట్టుకుంది.

బరువు పడని చోట ఒక గుర్తు ఉండాలిట, దానితోనే పోల్చుకోవాలిట. మొదట వంటింటి గుమ్మాన్ని గుర్తన్నారు. మళ్లీ వచ్చినప్పుడు, అక్కడ నీళ్ల బిందెలు పెడుతున్నారు కాబట్టి పనికిరాదన్నారు. గుర్తు పక్కింటి అరుగు మీదికి మారింది. అరుగు మీద బియ్యం బస్తాలు దించారని వీధి చివరి బోరింగు గట్టుకి పోయింది. బోరింగు కొడుతుంటే గట్టు అదురుతోందన్నారు. గొట్టం చాలని చోట అంచెలంచెలుగా పోవాలి. ఆయన ఒక కొస పట్టుకుని ఆగితే ఆమె రెండో కొసతో ముందుకు నడవాలి. వీధిలో ఆడవాళ్లు మొదట నవ్వారు, తర్వాత పలకరించారు. చివరికి రేపల్లె మొత్తం మీద కదలని రాయి స్టేషన్ ప్లాట్‌ఫారం అంచుదేనని ఆయన తేల్చారు.

అక్కడ ఆమె గొట్టం పట్టుకుని నిలబడి ఉంటే, బండి కోసం కూర్చున్న తాపీమేస్త్రీ కొండయ్య చూడలేక లేచొచ్చాడు.

"ఏంటమ్మా ఇది, గొట్టంలో అంత గాలి బుడగ పెట్టుకుని కొలుస్తున్నారు? ఇలాగైతే జన్మలో మట్టం తేలదు."

నాగలక్ష్మి బసవేశ్వరరావు గారి వంక చూసింది. ఆకాశంలోంచి గోరు వెడల్పు కొలిచిన మనిషికి కళ్లెదుటి బుడగ కనపడలేదంటే ఎవరు నమ్ముతారు. ఆయన సిగ్నలు స్తంభాన్ని మహా శ్రద్ధగా చూస్తున్నారు. ఆమెకి కోపం రావాల్సింది. దానికి బదులు కళ్లలో నీళ్లొచ్చాయి. గడప దాటి ఎంత దూరం వచ్చేసిందో అప్పుడు గుర్తొచ్చింది.

"బాబాయ్ గారూ, మా ఇంట్లో నేల లేచిందాండి?"

"లేవలేదమ్మా. తొందర పెట్టకూడదు. కొన్నిచోట్ల మంచు కరిగిపోయి వేల ఏళ్లయినా నేల ఇంకా లేస్తూనే ఉంది. మీద ఎంత బరువు ఉండేదో అది మరిచిపోలేదు. మరిచిపోకుండానే లేస్తోంది."

ఇంటికెళుతూ నాగలక్ష్మి, రేవు నుంచి చేప ఏ వేళకి వస్తోందని దారిలో ఒకరిద్దరిని అడిగింది.

పై ఆదివారం ఆయన వచ్చేసరికి గుమ్మంలో చేపల గంప సిద్ధంగా ఉంది. ఆయన దిగిన బండే తిరిగి తెనాలి వెళుతుందనీ, దాన్ని అందుకోవాలనీ, ఇవాళ్టికి గొట్టం పట్టుకోవడం కుదరదనీ నాగలక్ష్మి చెప్పేసింది. బసవేశ్వరరావు గారు గంపకి ఒక చెయ్యి వేసి ఆమె నెత్తికెత్తారు. పొంగుకొస్తున్న సంతోషాన్ని దాచుకోలేక నానా తంటాలు పడుతూ, రెండో కొస పట్టేవాళ్లు లేకపోతే కొలత ఆగిపోతుందే అని గొణిగారు.

లోపల ఎవరో చాప చుట్టిన చప్పుడైంది. గంగరత్నం కొంగు బొడ్లో దోపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గొట్టంలో బుడగ ఉందంటగా బాబుగారూ?"

"ఉందమ్మా" అని ఆయన తల వంచుకుని ఒప్పుకున్నారు.

"ఉండనీండి. ఆ కొస ఇటివ్వండి" అని అందుకుని, గంగరత్నం కోడలి వెనకే గడప దాటింది.