ముప్ఫై తెరలు

తీగల బాబాయి అసలు పేరు ఆ బళ్లో ఎవరికీ పట్టదు. భుజాన తీగ చుట్ట, జేబులో స్క్రూడ్రైవరుతో తిరుగుతాడని పిల్లలు పెట్టిన పేరే ఖాయమైపోయింది. పన్నెండేళ్లుగా కంప్యూటర్ల గదికి వైద్యుడూ అతనే, కాటికాపరీ అతనే. చచ్చినదాని భాగాలు పీకి బతికున్నదానికి బిగించడం, ఎలుకలు కొరికిన తీగలు అతకడం అతని పని. కొత్తవి కావాలని రాసిన అర్జీలు బుట్టదాఖలయ్యాయి. ముప్ఫైలో చివరికి మిగిలినవి పదిహేను.

అయినా రిజిస్టరులో 'పనిచేస్తున్నవి ముప్ఫై' అనే రాసి ఏటా సంతకం పెట్టేవాడు. నిజం రాస్తే పెద్దమేడానికి మాట వస్తుంది, ఏడాదికోసారి పొడిగించే తన ఉద్యోగం ఊడుతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు గుమ్మంలోంచే చూసి పోయేవాళ్లు. వాళ్లకోసం ఒక ఉపాయం కనిపెట్టాడు. పనిచేసే కంప్యూటరు నుంచి రెండో తీగ లాగి పక్కనున్న చచ్చినదాని తెరకు తగిలిస్తే రెండు తెరలూ ఒకే బొమ్మతో వెలుగుతాయి. పైన పటారం, లోన లొటారం. ఆ తెలివికి అతనికి కాస్త గర్వంగా కూడా ఉండేది, దాచడం దేనికి.

ఆ రిజిస్టరు లెక్క చూసి పైవాళ్లు ఆ బడిని పరీక్షాకేంద్రం చేశారు. కంప్యూటరు మీద రాసే పరీక్ష, ముప్ఫైమంది పిల్లలు. నెగ్గితే పెద్ద బడిలో చదువూ బసా ఉచితం. ఒక్కసారే రాయనిస్తారు. అందులో ఇరవై రెండో నంబరు అతని కూతురు. తల్లి లేని పిల్ల. ఏడాదంతా పొయ్యి దగ్గర కూడా పుస్తకం వదల్లేదు.

వారం ముందు అతను పెద్దమేడం గదికి వెళ్లాడు.

"కేంద్రం మార్చమని రాద్దామండీ. ఇంకా టైముంది."

"రాస్తే ఇన్నేళ్లూ రాసిందేమిటని అడుగుతారు. సంతకాలన్నీ నీవే కదయ్యా. పరీక్షకొచ్చే ఆఫీసరు ఓసారి తొంగిచూసి నా గదిలో టీ తాగుతూ కూర్చుంటాడు. పిల్లల్ని రెండు జట్లుగా రాయించేద్దాం. నువ్వు తెరలు వెలిగించు, చాలు."

అతను తలూపాడు.

ఆఫీసరు తొంగిచూసి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని గది మధ్యలో కూర్చున్నాడు. పిల్లలు నంబర్ల ప్రకారం ముప్ఫై తెరల ముందు సర్దుకున్నారు. గంట కొట్టేలోపు ఒక్కమాట చెప్పి ఉంటే ఏదో దారి దొరికేది. తీగల బాబాయి తెరలు వెలిగించుకుంటూ పోయాడు. గంట కొట్టారు.

కాసేపటికే చేతులు లేచాయి. తన నంబరు పడట్లేదని ఒకడు, పక్కవాడి జవాబులే కనిపిస్తున్నాయని ఇంకొకతె. అతని కూతురు మాత్రం చెయ్యెత్తలేదు. తెరమీద పడే తప్పు అక్షరాలు చెరపాలని చూస్తోంది, మళ్లీ కొడుతోంది. నాన్న చూసుకునే యంత్రంలో తప్పుంటుందని ఆ పిల్లకు తోచలేదు. చాలాసేపటికి మెల్లగా అంది.

"సార్, నాకు టైపు కొట్టడం సరిగ్గా రావట్లేదనుకుంటా."

ఆఫీసరు లేచి బల్ల వెనక్కి వంగి చూశాడు. ఆ పిల్ల కీబోర్డు తీగ దేనికీ తగిలించి లేదు.

"ఈ రిజిస్టరు మీద సంతకం ఎవరిది?"

ఆఫీసరు పిలిపిస్తే వచ్చిన పెద్దమేడం కిటికీలోంచి బయటికి చూసింది.

"నాదేనండి," అన్నాడతను.

యంత్రం దొరకని పదిహేనుమందినీ ఆఫీసరు గైరుహాజరు కింద రాశాడు. ఆ కాగితంలో అంతకన్నా వేరే గడి లేదట. తీగల బాబాయిని రేపటినుంచి రావద్దన్నారు. అది అతనికి చెవికెక్కనే లేదు.

ఇంటికి వెళ్లే దారిలో కూతురు అడిగింది.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"తెలుసమ్మా."

"మరి పొద్దున నాకెందుకు చెప్పలేదు? ఇంకో కేంద్రానికి పోయి రాయనివ్వమని అడుక్కునేదాన్ని కదా."

అతను ఆమె సంచి అందుకోబోయాడు. ఆమె దాన్ని అవతలి భుజానికి మార్చుకుంది.